ఫేజు పోయినా బయటపడని పవర్ కన్వర్టర్లు

సంపాదకులకు నమస్కారం.

సర్వర్లు, గ్రాఫిక్స్ కార్డుల గురించి రాసేవారు ప్రాసెసర్ వేగాన్ని వివరించినంతగా దానికి కరెంటు అందించే మల్టీఫేజ్ కన్వర్టర్లను పట్టించుకోరు. 12 వోల్టులను ఒక వోల్టు దరిదాపులకు దించి వందల ఆంపియర్లు సరఫరా చేసే ఈ సర్క్యూట్లలో భారాన్ని అనేక ఫేజులు (పక్కపక్కనే పనిచేసే ఒకే రకమైన విభాగాలు) పంచుకుంటాయి. ఒక్కో ఫేజులో పైన ఒక మాస్‌ఫెట్ (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చు), కింద ఒక మాస్‌ఫెట్, ఒక ఇండక్టర్ (తీగ చుట్ట) ఉంటాయి. వీటిలో ఒక ఫేజు చెడిపోతే ఆ సంగతి వెంటనే బయటపడే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలన్నది నా అభిప్రాయం.

ఆరు ఫేజులు కలిసి 180 ఆంపియర్లు ఇస్తున్నాయనుకుందాం. ఒక్కొక్కటి 30 ఆంపియర్లు మోస్తుంది. ఒకటి ఓపెన్ అయినప్పుడు, అంటే దానిలో కరెంటు దారి తెగిపోయినప్పుడు, ఫేజులన్నిటినీ నడిపే కంట్రోలర్ చిప్ ఔట్‌పుట్ వోల్టేజీని యథాతథంగా నిలబెడుతుంది, మొత్తం కరెంటు కూడా మారదు. కాబట్టి ఆ రెండింటినే గమనించే రక్షణకు అంతా సవ్యంగానే కనబడుతుంది. మిగిలిన ఐదు ఫేజుల మీద మాత్రం 36 ఆంపియర్ల చొప్పున పడుతుంది. కరెంటు వర్గాన్ని బట్టి పెరిగే నష్టం ఒక్కోదానిలో 44 శాతం ఎక్కువవుతుంది. ఉష్ణోగ్రత చూస్తున్నాం కదా అనడానికీ లేదు. అన్ని ఫేజుల ఉష్ణోగ్రత సంకేతాలను ఒకే తీగకు కలిపిన చోట అత్యధిక ఉష్ణోగ్రత ఒక్కటే తెలుస్తుంది, చెడిపోయిన ఫేజేమో అన్నిటికంటే చల్లగా ఉంటుంది!

ఫేజుల మధ్య భారాన్ని సమంగా పంచడానికి కంట్రోలర్ ఎలాగూ ఒక్కో ఫేజు కరెంటును కొలుస్తూనే ఉంటుంది కనుక, ఖర్చు పెరుగుతుందన్న వాదన నాకు బలహీనంగా తోస్తుంది. ఆ కొలతలను పోల్చి, ఏ ఫేజు వెనకబడిందో గుర్తించి, మిగిలిన ఫేజుల సంఖ్యకు తగినట్లు మొత్తం కరెంటు పరిమితిని తగ్గించాలి. తక్కువ లోడులో కంట్రోలర్ తానే కొన్ని ఫేజులను ఆపుతుంది కాబట్టి, తాను నడపమన్న ఫేజులో కరెంటు లేనప్పుడే దానిని లోపంగా లెక్కించాలి.

పై మాస్‌ఫెట్ షార్ట్ అయితే, అంటే ఆఫ్ కాకుండా ఉండిపోతే, పరిస్థితి ఇంతకంటే ప్రమాదకరం. 12 వోల్టులు ఇండక్టర్ గుండా నేరుగా ప్రాసెసర్ వైపు వెళ్తాయి. ఓవర్‌వోల్టేజ్ రక్షణ కింది మాస్‌ఫెట్లను ఆన్ చేసి ఔట్‌పుట్‌ను కిందికి లాగుతుంది కానీ, ఆ ఫేజులో ఇన్‌పుట్ సప్లై రెండు మాస్‌ఫెట్ల గుండా షార్ట్ అవుతుంది. ఇన్‌పుట్ వైపు ఫ్యూజు గానీ, వేగంగా తెంచే స్విచ్చు గానీ లేకపోతే కింది మాస్‌ఫెట్ కూడా కాలిపోవచ్చు. అది ఓపెన్‌గా కాలిపోతే ఆ ఫేజులో రక్షించేదే మిగలదు. కాసేపు ఆగి మళ్లీ మళ్లీ స్టార్ట్ అయ్యే పద్ధతి తాత్కాలిక ఓవర్‌లోడుకు పనికొస్తుందేమో గానీ, ఇటువంటి షార్టుకు తగదు. పూర్తిగా ఆగిపోయి, మనిషి వచ్చి చూసేదాకా అలాగే ఉండాలి.

బోర్డుల తయారీదారులు ఎన్ని ఫేజులున్నాయో ఘనంగా ప్రకటిస్తారు. ఒక ఫేజు ఓపెన్ అయితే ఏమవుతుంది, షార్ట్ అయితే ఇన్‌పుట్‌ను ఏది తెంచుతుంది, ఏ ఫేజులో లోపం వచ్చిందన్న వివరం పవర్ తీసేసిన తర్వాత కూడా కంట్రోలర్ మెమరీలో మిగులుతుందా అన్న మూడు విషయాలను కూడా డేటాషీట్లో రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు