విత్తనానికి ఉంచాల్సిన కోడిపిల్లలు

అమ్మణ్ణీ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పొదలకూరు బజార్లో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నా.

కోళ్ళ బేరగాడు వచ్చి పెద్ద కోడిపిల్లలకు మంచి ధర ఇస్తానన్నాడని చెప్పావు. ఇవ్వొద్దు. నీ పెళ్ళికి ముందు డబ్బు అవసరమై నేను ఆ పనే చేశాను. బరువున్నవన్నీ అమ్మి, మిగిలినవాటితో మంద నడుస్తుందిలే అనుకున్నా. మూడేళ్ళు తిరిగేసరికి ఇంట్లో అన్నీ చిన్న గుడ్లే, పిల్లల్లో సగం నీరసంగా పుట్టేవి. విత్తనాల వడ్లు వండుకు తిన్నట్టయింది. ఆ మంద మళ్ళీ దారిలో పడడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

నీ ఇరవై ఆరు పిల్లలకూ ఇప్పుడు రెండు నెలలు. ఇప్పుడు లోపం ఉన్నవాటిని పక్కన పెట్టు, అంతే. ఏవి మంచివో తేల్చడానికి ఐదో నెల దాకా ఆగాలి. కొక్కెర తెగులు (రాణిఖేత్) సూది వేయిస్తే వారం రోజులు వాటి జోలికి పోవద్దు, ఆ రోజుల్లో మంచి పిల్ల కూడా ముడుచుకునే ఉంటుంది.

చూసేది సాయంత్రం చూడు, గంప కింద మూసేటప్పుడు. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని మెడ కింద మేతసంచి తడుము. పొద్దంతా చేలగట్టున తిరిగి చెదలు, గింజలు ఏరుకున్న పిల్లకు అది గట్టిగా, నిండుగా తగులుతుంది. నువ్వు చల్లే నూకల కోసం గుమ్మం దగ్గరే కాచుకునే పిల్లకు అందులో సగం కూడా ఉండదు. ఈ ఒక్కటి నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్ముతా. ఆ తర్వాత రొమ్ము ఎముక మీద వేలు పైనుంచి కిందికి పోనివ్వు, తాడు లాగినట్టు తిన్నగా ఉండాలి. ముక్కు పైదీ కిందదీ కత్తెరలా పక్కకు పోయినా, కాలివేళ్ళు వంకరపోయినా ఆ పిల్లను విత్తనానికి ఉంచొద్దు, కూరకే. రంగు చూసి మోసపోకు. డేగ రంగు, ఆ ఎర్రటి ఈకలు నీకు ఇష్టమని తెలుసు కానీ, రంగు గుడ్లు పెట్టదు.

తల్లిని కూడా లెక్కలోకి తీసుకో. పన్నెండు గుడ్లు పెట్టి పొదిగిస్తే పది పిల్లల్ని లేపి, గద్దనూ పిల్లినీ తప్పించి రెండు నెలలు సాకిన పెట్ట ఏదో నీకు తెలుసుగా, దాని పిల్లలకే ముందు చోటు. గుర్తుకు కాళ్ళకు రంగు దారం కట్టు, కానీ పది రోజులకోసారి వదులు చెయ్యి. నేను మరిచిపోయి ఒక పిల్ల కాలు దారం కోసుకుపోయింది, ఇప్పటికీ కుంటుతోంది పాపం.

మీ అత్తమ్మ గారు తెచ్చిన వనరాజా కోళ్ళను గుడ్ల కోసం, కూర కోసం ఉంచు. అవి సంకరం కోళ్ళు, వాటి గుడ్లు పొదిగిస్తే పిల్లలన్నీ తల్లిలాగా రావు. పైగా అవి పొదుగుకు కూర్చునే రకం కాదు.

పుంజును మాత్రం బాగా ఆలోచించి ఎంచు. ఎనిమిది, పది పెట్టలకు ఒక్కటి చాలు, కానీ మందలోని ప్రతి పిల్లలోనూ సగం దానిదే. అదే తల్లి పెట్టల మీదికి అన్నదమ్ముల్ని వదలొద్దు. నీ పుంజుపిల్లలన్నీ అమ్మేసినా నాకు బాధ లేదు. నీకోసం ఇక్కడ ఒకదాన్ని అట్టిపెట్టాను. నల్ల పెట్ట కొడుకు, ఎనిమిదో నెల. కుక్క వస్తే పెట్టల్ని ముందు పొదలోకి తోలి తర్వాత తను వెళ్తుంది.

తీసుకెళ్ళాక మూడు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచి, ఆ తర్వాతే మందలో కలుపు. 2024 ఫిబ్రవరిలో మన మండలంలోనే చాటగొట్లలో బర్డ్ ఫ్లూ వచ్చి చికెన్ కొట్లు మూయించినప్పటి నుంచి నేను ఎవరింటి కోడినీ నేరుగా కలపడం లేదు. మనింటిదైనా అంతే.

ఆదివారం అల్లుణ్ణి పంపు. గాలాడే బుట్ట తెచ్చుకోమను. బస్సులో కాళ్ళు కట్టి తలకిందులుగా పట్టుకుంటే నేను పంపను.

మీ అమ్మ