సాయంత్రం ఆరున్నర బ్యాచ్ మారుతోంది, ఎందుకో చెప్పాలి

అందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన షేక్‌పేట జిమ్‌లో సాయంత్రం ఆరున్నర బ్యాచ్ ఉండదు. ఆ గంటన్నర ఇకమీద గోల్ఫ్ ఆడేవాళ్లకి. ఆ బ్యాచ్‌లో ఉన్న పదకొండు మందికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను. మిగతావాళ్ల చెవిన ఈ మాట సగం సగంగా పడకూడదని ఇది రాస్తున్నాను.

"డబ్బున్నవాళ్లు దొరికారని మమ్మల్ని వదిలేస్తున్నావా తమ్ముడూ?" అని ఒక అక్క అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పటికి మన రోడ్డులోనే రెండు పెద్ద ఏసీ జిమ్‌లు వచ్చాయి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే సగం ధరకే అన్నారు. మనవాళ్లు ముప్ఫై మందికి పైగా అటు వెళ్లిపోయారు. వాళ్లని తప్పు పట్టను, ఎవరి ఖర్చులు వాళ్లకుంటాయి. నాకు మాత్రం నాలుగు నెలలు వరసగా అద్దె ఆలస్యమైంది. బరువు తగ్గించడం, కండలు పెంచడం ఊళ్లో ప్రతి జిమ్మూ చేసే పనే. నా దగ్గరికే ఎందుకు రావాలని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు ఏమీ ఉండేది కాదు.

ఆ టెన్షన్‌లో ఉండగానే ఒక పెద్దాయన వచ్చారు. యాభై ఎనిమిదేళ్ల ఇంజనీరు. వారానికి మూడు రోజులు తెల్లవారకముందే లేచి గోల్కొండ నయా ఖిల్లా దగ్గర గోల్ఫ్ ఆడతారు. నడుము నొప్పి. నేను అందరికీ చేయించేవే ఆయనకీ చేయించాను. డెడ్‌లిఫ్ట్‌లు, అంటే నేల మీది బరువుని నిలబడి పైకి లేపడం, ఆపైన నేల మీద కూర్చుని చేతిలో బరువు పట్టుకుని నడుము అటూ ఇటూ తిప్పడం. గోల్ఫ్ అంటే తిరగడమే కదా, తిప్పే కండరాలు గట్టిపడితే చాలనుకున్నాను. మూడో వారంలో ఒకరోజు వాళ్లావిడ ఫోన్ చేశారు. "కారులోంచి దిగలేకపోతున్నారు బాబూ" అన్నారు.

ఆ తప్పు పూర్తిగా నాది. ఆయన్ని తీసుకుని ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి నేనే వెళ్లాను. ఎనిమిదేళ్లుగా ట్రైనింగ్ ఇస్తున్నా నేను చూడనిది ఆవిడ పది నిమిషాల్లో చూపించారు. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాల మీద అడ్డంగా ఒక చీపురు కర్ర పెట్టి, మోకాళ్లు కదలకుండా తిరగమన్నారు. కుడివైపు సాఫీగా తిరిగారు. ఎడమవైపు సగం దూరం వెళ్లాక ఛాతీ ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి, మిగతా సగం నడుముతో లాగారు. కర్ర చివర వణకడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

నడుము దగ్గర ఉండే ఐదు పూసలు వంగడానికి పనికొస్తాయి కానీ తిరగడానికి కాదు. అన్నీ కలిసినా ఒక పక్కకి పది డిగ్రీలకు అటూ ఇటూగా తిరుగుతాయి, అంతే. ఛాతీ వెనకున్న పన్నెండు పూసలు దానికి మూడు రెట్లు తిరగగలవు. కింద తుంటి కీళ్లు తిరగడానికే ఉన్నాయి. కుర్చీలో ముప్ఫై ఏళ్లు కూర్చున్న మనిషికి పైనున్న ఛాతీ, కిందున్న తుంటి రెండూ బిగుసుకుపోతాయి. వాటి పని కూడా మధ్యలో ఉన్న నడుము మీద పడుతుంది. గోల్ఫ్‌లో కర్ర పైనుంచి బంతి దాకా రావడానికి పట్టేది సెకనులో పావు వంతు. ఆ వేగంతో, ప్రాక్టీసుతో కలిపి వంద సార్లు తిప్పితే ఏ నడుమైనా ఎంతకని ఓర్చుకుంటుంది? నేనేమో అదే నడుముని, చేతిలో బరువు పెట్టి మరీ తిప్పించాను.

ఆ రాత్రి మా అమ్మ బండ మీద దుప్పట్లు ఉతకడం గుర్తొచ్చింది. తడిసిన దుప్పటిని తల పైదాకా ఎత్తి కొట్టేటప్పుడు మొదట వెనక కాలి మడమ లేచేది, తుంటి తిరిగేది, ఆ తర్వాతే భుజం, చివర్న చెయ్యి వచ్చేవి. మంచి గోల్ఫ్ ఆటగాడి ఒంట్లో కూడా బలం నేల నుంచి ఇదే వరసలో పైకి వస్తుంది.

అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను. గోల్ఫ్ ఆడేవాళ్ల ఒంటికి ఎలా ట్రైనింగ్ ఇవ్వాలో నేర్పే సంస్థ ఒకటుంది, కాలిఫోర్నియాలో 2003లో మొదలైన టైటిలిస్ట్ పెర్ఫార్మెన్స్ ఇన్‌స్టిట్యూట్. వాళ్ల మొదటి లెవల్ సర్టిఫికేషన్ పూర్తి చేశాను. గోల్ఫర్లు బరువులు ఎత్తకూడదనే మాట పాతది. దక్షిణాఫ్రికా ఆటగాడు గ్యారీ ప్లేయర్ 1950లలోనే, అందరూ వద్దంటున్నా, బరువులు ఎత్తి మరీ పెద్ద టోర్నమెంట్లు గెలిచాడు. మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోక్, అంటే బంతిని కొట్టే ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకున్న ఉదయం మీలో చాలామంది నాలాగే టీవీ ముందు కూర్చుని ఉంటారు. ఆ ఏడాదే కోవిడ్ వచ్చి ఒంట్లో బలం తగ్గిందని, బంతి మునుపటంత దూరం వెళ్లడం లేదని తనే చెప్పింది. అంత దూరం తక్కువతోనూ పుట్టింగ్‌లో, అంటే దగ్గర నుంచి బంతిని గుంటలోకి మెల్లగా దొర్లించడంలో ఉన్న పట్టుతో నాలుగో స్థానం దాకా వచ్చింది. ఒంట్లో బలం ఆటలో ఎక్కడ కనిపిస్తుందో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది.

పెద్దాయన సంగతికి వస్తాను. "మొక్కై వంగనిది మానై వంగునా?" అని ఆయన మొదట్లో రోజూ అనేవారు. రెండు నెలలు బరువు ముట్టుకోనివ్వలేదు. పక్కకి పడుకుని ఛాతీ తెరవడం, ఒక మోకాలి మీద నిలబడి తిరగడం, ఎడమ తుంటిని లోపలికి తిప్పడం, అంతే. కుడిచేతి ఆటగాడి బరువంతా చివరికి ఆ ఎడమ తుంటి మీదే తిరుగుతుంది. తర్వాత మెల్లగా డెడ్‌లిఫ్ట్‌కి వచ్చాం, ఈసారి సరిగ్గా. ఐదో నెలలో పద్దెనిమిది హోల్స్, అంటే ఒక పూర్తి ఆట నడిచి ఆడి, అటునుంచే జిమ్‌కి వచ్చారు. ఏమీ మాట్లాడకుండా స్టూలు మీద కూర్చుని, కర్ర భుజాల మీద పెట్టుకుని ఎడమవైపు తిరిగి చూపించారు. ఆయన స్నేహితులు, వాళ్ల స్నేహితులు కలిసి ఇప్పుడు పద్నాలుగు మంది అయ్యారు.

వాళ్లకి చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. స్వింగ్, అంటే కర్ర తిప్పి బంతిని కొట్టే తీరు నేర్పడం నా పని కాదు, దానికి కోచ్ ఉన్నారు. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరి పట్టినా ముందు డాక్టర్ దగ్గరికే. బంతి ఇన్ని గజాలు ఎక్కువ వెళ్తుందని మాట ఇవ్వను.

ఇంకో మాట. ఈ ఆటలో రోజంతా బరువు మోసేది క్యాడీలు, అంటే ఆటగాళ్ల గోల్ఫ్ కర్రల బ్యాగ్ మోసేవాళ్లు. బ్యాగ్ ఎప్పుడూ ఒకే భుజానికి వేసుకుని కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. నలుగురు వచ్చి చూపించుకున్నారు, నలుగురికీ ఒక భుజం కిందికి జారి ఉంది. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకి వాళ్లకి ఫీజు లేదు, అది అలాగే ఉంటుంది.

ఇక మీ లెక్కలు. ఆరున్నర బ్యాచ్‌లో ఉన్నవాళ్లకి ఉదయం ఆరు, రాత్రి ఎనిమిది గంటల బ్యాచ్‌లలో చోటు ఉంచాను. ఫీజు ఈ ఏడాదంతా పాతదే. ఏ టైమూ కుదరకపోతే మిగిలిన నెలల డబ్బు వారం లోపు తిరిగి ఇచ్చేస్తాను. మొహమాటపడకండి. గోల్ఫ్ బ్యాచ్‌కి ఫీజు ఎక్కువే. దానివల్లే మిగతా బ్యాచ్‌లకి పెంచకుండా నెట్టుకురాగలుగుతున్నాను. అక్కకి నా జవాబు ఇదే.

ఈ నెల ప్రతి శనివారం పది నుంచి పన్నెండు దాకా ఎవరైనా వచ్చి చూపించుకోవచ్చు. స్టూలు, చీపురు కర్ర గోడ పక్కనే ఉంటాయి. గోల్ఫ్ ఆడేవాళ్లే రావాలని లేదు. కారు రివర్స్ చేసేటప్పుడు మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పుతున్నవాళ్లు తప్పకుండా రండి.