మా షాపులో కట్టిన 41 మోటార్లు మళ్లీ విప్పాలి

మా దగ్గర మోటార్లు వైండింగ్ (లోపలి రాగి వైరు చుట్లు మళ్లీ కట్టడం) చేయించుకునే అందరికీ,

ఇంకొకరి నోట విని మీరు నన్ను అడిగేలోపే నేనే చెప్పాలని ఇది రాస్తున్నాను. గత నాలుగు నెలల్లో మేం కట్టిన మోటార్లలో 41 మోటార్లకు పడిన వైరు మంచిది కాదు. ఆ 41 మోటార్లనూ వెనక్కి తెప్పించి, విప్పి, కొత్త వైరుతో మళ్లీ కట్టి ఇస్తాం. దానికి మీ దగ్గర ఏమీ తీసుకోం. మీ మోటారు అందులో ఉంటే మేమే ఫోన్ చేస్తున్నాం, ఇప్పటికి 29 మందితో మాట్లాడాం.

అసలు సంగతి బయటపడింది ఒక 5 హెచ్‌పీ కంప్రెసర్ మోటారుతో. కట్టి ఇచ్చిన ఏడు వారాలకే కాలిపోయి వచ్చింది. కవర్ విప్పి చూస్తే మూడు ఫేజుల (కరెంటు వచ్చే మూడు లైన్ల) కాయిల్సూ ఒకే రంగులో మాడిపోయి ఉన్నాయి. మా పనిలో ఉన్నవాళ్లు ముందు చూసేది ఆ రంగే. ఒక ఫేజు పోయాక కూడా మోటారు నడిస్తే కొన్ని కాయిల్స్ బొగ్గులా ఉంటాయి, పక్కవి నిన్న కట్టినట్టు ఉంటాయి. మూడు ఫేజులనూ కలిపే పద్ధతులు రెండు: స్టార్ కనెక్షన్ అయితే రెండు ఫేజులు మాడతాయి, డెల్టా అయితే ఒకటి మాడుతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య షార్ట్ అయితే ఒక్కచోటే రాగి కరిగి చిన్న పూసలు కట్టి కనిపిస్తుంది. మూడు ఫేజులూ సమానంగా మాడాయంటే మోటారు మొత్తంగా వేడెక్కిందన్నమాట, అంటే ఓవర్‌లోడ్ అయినా అయి ఉండాలి, గాలి ఆడకపోయినా అయి ఉండాలి. నేనూ అదే చెప్పాను. "మీరు లోడ్ ఎక్కువ పెడుతున్నారండీ" అన్నాను ఆయనతో.

ఆయన ఒక్కటే మాట అడిగారు: "లోడ్ ఎక్కువైతే ఓవర్‌లోడ్ రిలే పడిపోవాలి కదా, ఒక్కసారి కూడా పడలేదే?" కరెంటు హద్దు దాటితే మోటారుని ఆపేసే ఆ రిలే సెట్టింగ్ తప్పుగా ఉండి ఉంటుందని చెప్పి పంపించేశాను. మళ్లీ కట్టాం. ఈసారి ఐదు వారాలకే కాలింది, అదే రంగులో. ఆయన మోటారు షాపు ముందు దింపి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఇన్నేళ్లుగా నేను కట్టిన మోటారు ఒకే చోట రెండుసార్లు కాలడం ఇదే మొదటిసారి, ఆ రాత్రి షాపు మూయబుద్ధి కాలేదు.

ఆయన అడిగిన ప్రశ్న సరైనది. రిలే చూసేది కరెంటును మాత్రమే. కరెంటు సరిగ్గానే ఉండి వైండింగ్ వేడెక్కుతోందంటే గాలి ఆడకపోయినా అయి ఉండాలి, లేదంటే తేడా వైరులోనే ఉండాలి. నాకు అది మొదటిసారే తట్టాల్సింది.

ముందు మా లెక్కలు చూసుకున్నాను. స్లాట్‌కి (కాయిల్ కూర్చునే గాడికి) ఎన్ని చుట్లు, ఎన్ని పోగులు, పిచ్ (కాయిల్ రెండు పక్కల మధ్య దూరం) ఎంత, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. మాడిన కాయిల్ తెంపి ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టాను, ఒక్కటి కూడా తేడా లేదు. వైరు 22 గేజ్, అంటే ఎనామెల్ (వైరు మీది ఇన్సులేషన్ పూత) తీశాక 0.711 మిల్లీమీటర్లు ఉండాలి. స్క్రూగేజ్‌తో మూడు చోట్ల కొలిస్తే మూడు చోట్లా అంతే వచ్చింది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరేమో అనే అనుమానం కూడా లేదు, ఎందుకంటే అలాంటిదైతే స్పూల్ చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది, రాగి బరువులో సగం కూడా ఉండదు. గోకి చూస్తే లోపలిదాకా ఎర్రగానే ఉంది. రాగే.

అప్పుడు రెసిస్టెన్స్ కొలుద్దామనుకున్నాను. ఇంత తక్కువ ఓమ్‌లు మామూలు మల్టీమీటర్‌తో తేలవు, దాని తీగల రెసిస్టెన్సే రీడింగ్‌ని మింగేస్తుంది. అందుకే సరిగ్గా 10 మీటర్ల వైరు కొలిచి తెంపి, దాని గుండా 1 ఆంపియర్ డీసీ పంపి, వేరే రెండు తీగలతో దాని మీద ఎన్ని మిల్లీవోల్టులు పడుతున్నాయో చూశాను; 1 ఆంపియర్ దగ్గర ఎన్ని మిల్లీవోల్టులో రెసిస్టెన్స్ అన్ని మిల్లీఓమ్‌లు. మంచి రాగికి ఎంత రావాలో 1913 నుంచి ప్రపంచమంతా ఒకే లెక్క ఉంది: 58 మీటర్ల పొడవు, 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి వైరు 20 డిగ్రీల దగ్గర 1 ఓమ్ చూపించాలి. ఆ లెక్కన మా షాపులో ఆ రాత్రి ఉన్న 30 డిగ్రీల వేడికి 22 గేజ్ 10 మీటర్లకు 451 మిల్లీవోల్టులు రావాలి. అటక మీద పాత సరఫరాదారు స్పూల్ ఒకటి సగం మిగిలి ఉంటే ముందు దాన్ని పెట్టాను. 452 వచ్చింది. తర్వాత కొత్త స్పూల్ పెట్టాను. 531.

క్లిప్పులు తీసి, కొనలు మళ్లీ శుభ్రంగా గీకి, ఇంకో 10 మీటర్లు తెంపి పెట్టాను. 530.

దాదాపు 18 శాతం ఎక్కువ. అదే కరెంటుకి వైండింగ్‌లో పుట్టే వేడి కూడా 18 శాతం ఎక్కువ. మోటారు లోపల ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ ఇన్సులేషన్ ఆయుష్షు సుమారుగా సగానికి పడిపోతుందని మా పనిలో అందరూ నమ్మే లెక్క. ఆ కంప్రెసర్ ఇరుకు గదిలో రోజంతా నడుస్తుంది, ముందే దానికి వెసులుబాటు లేదు. దీనికి తోడు అదే వైరు ముక్కను దాని మందమే ఉన్న కడ్డీకి చుట్టి ఓవెన్‌లో అరగంట పెట్టి భూతద్దంతో చూస్తే, ఎనామెల్ మీద సన్నగా పగుళ్లు కనిపించాయి. పాత స్పూల్ ముక్క మీద ఒక్క గీత కూడా లేదు.

మరి డెలివరీకి ముందు చేసే టెస్టుల్లో ఎందుకు దొరకలేదని మీలో ఇద్దరు ఇప్పటికే అడిగారు. మెగ్గర్ పెడితే బాడీకి లీకేజీ ఉందా లేదా తెలుస్తుంది, అది లేదు. క్లాంప్ మీటర్ పెడితే మూడు ఫేజుల్లో కరెంటు సమానంగా ఉందా తెలుస్తుంది, సమానంగానే ఉంది, ఎందుకంటే మూడింట్లోనూ ఒకే చెడ్డ వైరు. మోటారు తీసుకునే కరెంటు ముఖ్యంగా చుట్ల సంఖ్య మీద, లోడ్ మీద ఆధారపడుతుంది, వైరు రెసిస్టెన్స్ ఇంతమాత్రం పెరిగితే మీటర్ మీద కనిపించదు. కొత్త వైరు వచ్చినప్పుడు గేజ్ చూశాం, బరువు చూశాం, ఓమ్‌లు చూడలేదు. ఆ తప్పు నాది.

ఇక సరఫరాదారు గురించి. ఇంత రాయకూడదేమో, కానీ రాయకుండా ఉండలేను. పాత సరఫరాదారు వ్యాపారం మానేశాక ఇతన్ని తీసుకున్నాం. ప్రతి స్పూల్ మీదా క్లాస్ ఎఫ్, 155 డిగ్రీలు (ఇన్సులేషన్ అంత వేడిని తట్టుకుంటుందని) అని ముద్రించి ఉంది, టెస్ట్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. రీడింగులు చూపించి అడిగితే మొదటి రోజు "రాగి రాగేనండీ, అందులో తేడా ఏముంటుంది" అన్నాడు. రెండో రోజు, ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదు, మీ పనివాళ్లు వైరుని ఎక్కువ లాగి చుట్టి ఉంటారన్నాడు. ఈ మాట దగ్గర నాకు నిజంగా రక్తం మరిగింది. లాగి చుడితే వైరు సన్నబడాలి, సన్నబడితే స్క్రూగేజ్‌లో తెలియాలి, పైగా నేను కొలిచింది ఇంకా చుట్టని స్పూల్‌లోంచి తీసిన వైరు. సర్టిఫికెట్ మళ్లీ తీసి చూస్తే దాని మీద బ్యాచ్ నంబరు వేరు, స్పూల్ మీద నంబరు వేరు. అది ముందే చూడాల్సింది. నాలుగో రోజు ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదో రోజు మనిషిని పంపి, అది స్క్రాప్ కరిగించి లాగిన వైరని ఒప్పుకుని, తర్వాతి సరుకులో ధర తగ్గించి ఇస్తానని కబురు పెట్టాడు.

రాగిని ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ వాడుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు, శుద్ధి చేస్తే కొత్త రాగిలాగే ఉంటుంది. శుద్ధి చేయకుండా లాగడమే తప్పు. ఉదాహరణకి ఏసీ, ఫ్రిజ్ గొట్టాల రాగిలో కావాలనే కొంచెం ఫాస్ఫరస్ కలుపుతారు, అతుకు బాగా పడాలని. అది 100 గ్రాముల్లో 0.04 గ్రాము కూడా మించదు. గొట్టానికి అది మేలే, కానీ ఆ కాస్తకే కరెంటు మోసే శక్తి 15 నుంచి 20 శాతం పడిపోతుంది. రంగు మారదు, బరువు మారదు, అందుకే కంటితో ఎవరూ పట్టుకోలేరు. అతను తగ్గించి ఇస్తానన్న సరుకు నాకు అక్కర్లేదు. అతని దగ్గర మళ్లీ ఒక్క మీటరు వైరు కూడా తీసుకోను, ఎవరు మధ్యవర్తిత్వం చేసినా సరే.

నన్ను ఎక్కువగా తినేసింది మాత్రం అది కాదు. నడుస్తున్న మోటార్లను ఏం చేయాలన్నది. మా కుర్రాళ్లిద్దరూ "బాగా నడుస్తున్న మోటారుని ఎందుకు విప్పడం అన్నా, కాలినప్పుడు చూద్దాం" అన్నారు. శ్రమ తప్పించుకోవడానికి అన్న మాట కాదు అది. విప్పడం కోసం పాత వైండింగ్‌ని ఓవెన్‌లో కాల్చాలి, ఆ వేడి హద్దు దాటితే మోటారు లోపలి ఇనుప కోర్ రేకుల మధ్య ఉండే పూత దెబ్బతిని, ఎంత మంచి వైరు వేసినా ఆ మోటారు తర్వాత వేడిగానే నడుస్తుంది. అంటే విప్పడం వల్ల కూడా మోటారుకి కొంత నష్టం ఉండొచ్చు. అందుకని ముందు ఒక మధ్య దారి అనుకున్నాను: ప్రతి మోటారునీ లోడ్ మీద నడిపి, ఆపగానే రెసిస్టెన్స్ కొలిచి, చల్లగా ఉన్నప్పటి రీడింగ్‌తో పోల్చి లోపలి వేడి ఎంతో లెక్కగట్టి, ఎక్కువ ఉన్నవే విప్పుదామని. 30 డిగ్రీల దగ్గర 4 ఓమ్‌లు ఉన్నది 5.2 అయిందంటే లోపల సగటున 109 డిగ్రీలని లెక్క.

రెండు రోజులు అదే ఆలోచనలో ఉన్నాను, జాబితా కూడా రాసుకున్నాను. మూడో రోజు పొద్దున కాగితం మీద లెక్క వేస్తుంటే తట్టింది, ఆ సూత్రం స్వచ్ఛమైన రాగికి. కల్తీ వల్ల పెరిగిన రెసిస్టెన్స్ వేడితో పాటు పెరగదు, అలాగే ఉండిపోతుంది, కాబట్టి మొత్తం మీద పెరుగుదల శాతం తక్కువ కనిపిస్తుంది. లోపల నిజంగా 109 డిగ్రీలు ఉంటే నా లెక్క 97 దగ్గర ఆగిపోతుంది. ఏ వైరుని అనుమానిస్తున్నానో ఆ వైరే నాకు తప్పు చెబుతుంది. పైగా పగిలే ఎనామెల్‌ని బయటి నుంచి ఏ మీటరూ చూపించదు. ఆ జాబితా చింపేసి, 41 మోటార్లూ విప్పుదామని కుర్రాళ్లకి చెప్పాను. ఇది అతి జాగ్రత్త అని మీకు అనిపించినా నేను మాత్రం వెనక్కి తగ్గను, నా చేత్తో కట్టి నా ట్యాగు తగిలించిన మోటార్లు అవి.

రోజంతా నడిచే కంప్రెసర్, బ్లోయర్ మోటార్లు ముందు తెచ్చుకుంటాం. అప్పుడప్పుడు నడిచేవి తర్వాత. ఈలోగా వాటిని ఆపకుండా గంటల తరబడి నడపకండి, వార్నిష్ మాడుతున్న వాసన ఏమాత్రం వచ్చినా ఆపేసి మాకు చెప్పండి. బాడీ మీద చెయ్యి పెట్టి చూసి పర్వాలేదనుకోకండి, లోపల వైండింగ్ బాడీ కంటే చాలా వేడిగా ఉంటుంది. కాల్చేటప్పుడు ఓవెన్ 350 డిగ్రీలు దాటనివ్వం, దానివల్ల ఒక్కో మోటారుకి ఒక రోజు ఎక్కువ పడుతుంది, తొందరపెట్టకండి. పని ఆగిపోతుందనే టెన్షన్ ఉన్నవాళ్లు చెప్తే షాపులో ఉన్న రెండు స్పేర్ మోటార్లు వంతులవారీగా ఇస్తాం. ఈ 41 అయ్యేవరకు కొత్త పని ఒప్పుకోవడం లేదు.

ఇక మీదట ఏ స్పూల్ వచ్చినా 10 మీటర్లు తెంపి మిల్లీవోల్టులు చూశాకే వాడతాం. ఆ రీడింగూ, అది ఎంత ఉండాలో ఆ అంకె కూడా, స్పూల్ బ్యాచ్ నంబరూ మీ మోటారు ట్యాగు మీద రాసి ఇస్తాం. మీ కళ్ల ముందే కొలవమంటే కొలుస్తాం.

కంప్రెసర్ ఆయన మోటారు మూడోసారి కట్టడం పూర్తయింది. నిన్న ఫుల్ లోడ్ మీద నాలుగు గంటలు నడిపి చూశాను. ఆయన నా ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఇక్కడే చెబుతున్నాను: రిలే గురించి మీరు అన్నదే నిజం, మీ మాట విననందుకు క్షమించండి. రేపు పొద్దున మోటారు నేనే తెచ్చి బిగించి వెళ్తాను.