సర్వీస్ క్లాసులను విడగొట్టే ముందు

సభ్యులందరికీ నమస్కారం. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జెడ్‌ఓఎస్‌లో ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో సర్వీస్ క్లాస్ (ఒకే పనితీరు లక్ష్యం కింద నడిచే పనుల గుంపు) ఏర్పాటు చేయడం కన్నా, లక్ష్యమూ ప్రాధాన్యమూ ఒకటే అయిన పనులను ఒకే క్లాసులో చేర్చడం మేలని నా గట్టి అభిప్రాయం. ఈ పనులకు వనరులు పంచే వర్క్‌లోడ్ మేనేజర్ సుమారు 10 సెకన్లకొకసారి పరిస్థితిని సమీక్షించి, సాధారణంగా విడతకు ఒక్క పీరియడ్‌కే (క్లాసులో సొంత లక్ష్యం ఉన్న దశకే) వనరులు సర్దుతుంది కాబట్టి, క్లాసులు పెరిగేకొద్దీ వెనకబడిన పనికి వంతు రావడం ఆలస్యమవుతుంది. అందుకే ఒకేసారి నడిచే పీరియడ్లు 25 నుంచి 35 లోపు ఉండటం శ్రేయస్కరం.

ఉదాహరణకు, జీతాల బ్యాచ్, స్టాకు బ్యాచ్ రెండింటికీ వెలాసిటీ (వనరుల కోసం ఆగకుండా పని సాగాల్సిన శాతం) 30, ఇంపార్టెన్స్ (ప్రాధాన్య స్థాయి, 1 అన్నిటికన్నా ఎక్కువ) 4 సరిపోతే ఒకే క్లాసు చాలు. లెక్కలు విడిగా కావాలంటే చెరొక రిపోర్ట్ క్లాస్ (లెక్కలు చూపడానికే వాడే విభాగం) ఇవ్వండి, దానివల్ల వర్క్‌లోడ్ మేనేజర్‌పై పెద్దగా భారం పడదు. 90 శాతం 0.5 సెకనులోపు ముగియాల్సిన సీఐసీఎస్ (ఆన్‌లైన్ లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్) లావాదేవీలను మాత్రం వీటితో ఎంతమాత్రమూ కలపకండి.