ఆ నల్లని పెచ్చును చూసిన సిస్టర్‌కు

మీ పేరు అడగాలన్న స్పృహ కూడా ఆ రాత్రి నాకు లేదు. నాన్నకు జ్వరం వచ్చి ఆరో రోజు. మలేరియా కాదన్నారు, డెంగీ కాదన్నారు. ప్లేట్‌లెట్లు మాత్రం దిగిపోతున్నాయి, మాట తడబడుతోంది.

తడిగుడ్డతో ఒళ్లు తుడవడానికి వచ్చారు మీరు. చేతులూ మెడా తుడిచి వెళ్లిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మీరు ఆయనను మెల్లగా పక్కకు తిప్పి, మోకాలి వెనక మడత దగ్గర ఆగిపోయారు. బఠాణీ గింజంత నల్లని పెచ్చు, చుట్టూ ఎరుపు. నేనైతే ఏదో గీసుకుపోయిందనుకునేదాన్ని. "ఈమధ్య పొదల్లో తిరిగారా? కుక్కకు పిడుదులు తీశారా?" అని అడిగారు. తీశారు, పది రోజుల కిందట, ఒట్టి చేతులతో.

రాత్రి 2 గంటలకు డాక్టర్‌ను లేపి తీసుకొచ్చింది మీరే. పిడుదు కాటుతో వచ్చే రికెట్సియా జ్వరంలో మొదటి వారం యాంటీబాడీ పరీక్ష తరచూ నెగటివ్‌గానే వస్తుందట. అందుకే ఫలితం కోసం ఆగకుండా డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రక్తంలో ఫెరిటిన్ అనే ప్రోటీన్ బాగా పెరగడంతో, రోగనిరోధక కణాలే రక్తకణాలను మింగేసే హెచ్‌ఎల్‌హెచ్ అనే అరుదైన ఉపద్రవం వస్తుందేమోనని రెండు రోజులు కనిపెట్టుకుని ఉన్నారు. రాలేదు. మూడో రోజు జ్వరం దిగింది. నాన్న తొలి మాట: "నా కళ్లజోడు ఏదీ?"

అప్పటికి మీ డ్యూటీ మారిపోయింది. పెచ్చు ఊడి మచ్చ మిగిలింది. చూడటానికి వచ్చిన వాళ్లందరికీ నాన్న దాన్ని చూపిస్తూ, "నాకే కనిపించని చోటు, ఆ అమ్మాయి చూసింది" అంటున్నారు.