లెన్స్ కొనేముందు ఓసారి ఇది చదవండి

కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్ తర్వాత ఏది కొనాలని చాలామంది అడుగుతున్నారు కదా, ముందు మౌంట్ (లెన్స్‌ని కెమెరా బాడీకి బిగించే చోటు) చూస్కోండి, కెనాన్ కొత్త మౌంట్ ఆర్‌ఎఫ్ లెన్స్ దాని పాత మౌంట్ ఈఎఫ్ బాడీకి ఎక్కదు, ఈఎఫ్ లెన్స్ మాత్రం అడాప్టర్ పెడితే ఆర్‌ఎఫ్ బాడీ మీద బానే పనిచేస్తుంది. తక్కువ లైట్‌లో తీసేవాళ్లైతే 50ఎంఎం ఎఫ్/1.8 (ఎఫ్ పక్కన నంబర్ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ లైట్) కళ్లుమూసుకుని తీస్కోవచ్చు, మామూలు 18-55 జూమ్ చివర్లో ఎఫ్/5.6కి వచ్చేస్తుంది, దాంతో పోలిస్తే దీన్లోంచి దాదాపు పది రెట్లు లైట్ లోపలికొస్తుంది. కాకపోతే క్రాప్ సెన్సార్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) మీద అది 75-80ఎంఎం లాగా దగ్గరికి లాగినట్టు కనిపిస్తుంది, చిన్న రూమ్‌లో వెనక్కి జరగడానికి చోటుండదు, అలాంటప్పుడు 35ఎంఎం బెటర్. నంబర్ పెద్దదుంది కదా అని 70-300 జూమ్ మీద పడకండి, 300 దగ్గర షట్టర్ స్పీడ్ 1/500 సెకను అయినా లేకపోతే చెయ్యి వణుకు ఫొటోలో కనిపిస్తుంది (లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఉన్నా, పరిగెత్తే పిల్లలు బ్లర్ అవడాన్ని అది ఆపలేదుగా). డౌటున్నవాళ్లు పాత ఫొటోల్లో ఏ ఫోకల్ లెంగ్త్ (ఎంఎం నంబర్) ఎక్కువ వాడారో చూసి, బాడీ మోడల్‌తో పాటు ఇక్కడ పెట్టండి.