పెద్దాడికి ఏం కొనాలంటే

తెనాలి

చిట్టితల్లీ,

నువ్వు ఇంట్లో నడిపే డేకేర్‌లో అందరికంటే పెద్దాడు, ఆ ఐదేళ్ళవాడు, చిన్నవాళ్ళతో గొడవపడుతున్నాడు, వాడికి ఏం కొనాలని అడిగావు కదా. నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మల లింకులన్నీ తెరిచి చూశాను. మాట్లాడే గ్లోబు, మీట నొక్కితే నడిచే రోబో, లెక్కలు నేర్పే టాబ్లెట్టు. మీ నాన్న డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడలేదు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నీ దగ్గర ఎవరో ఒకరు ఏడుపు లంకించుకుంటారు, మాట తెగిపోతుంది. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

నన్నడిగితే ఆ పిల్లాడికి బొమ్మలు తక్కువై కాదు ఆ గొడవంతా. సెప్టెంబరు 1 నాటికి ఐదు నిండితేనే మీ టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు కదా. వాడిది అక్టోబరు పుట్టుక. తోటివాళ్ళు బస్సెక్కి బడికి పోతుంటే వీడు ఇంకో ఆగస్టు దాకా నీ ఇంట్లో డయపర్ల పిల్లల మధ్య ఉండాలి. నేను మీ ఊళ్ళో, ఫ్రిస్కోలో ఉన్నప్పుడు చూశానుగా. కార్పెట్ మీద చెక్కముక్కలతో వంతెన కడతాడు. కిందనుంచి కారు దూరుతుందో లేదో తల నేలకానించి చూసుకుంటాడు. ఈలోపు ఏడాదిన్నరది తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ఒక్క చరుపు చరుస్తుంది, వంతెన కూలిపోతుంది. వాడు దాన్ని తోస్తాడు, నువ్వు వాణ్ణి కోప్పడతావు. రోజుకి ఎన్నిసార్లు ఇదే తంతు! రోబో కొన్నా ఇదే జరుగుతుంది, కాకపోతే విరిగేది ఖరీదైన వస్తువు.

కాబట్టి ముందు వాడికో చోటు చూడు. చిన్నవాళ్ళ చెయ్యి అందని ఎత్తులో ఒక బల్ల, దానికో కుర్చీ. డైనింగ్ టేబుల్‌లో ఒక మూల అయినా సరే. వాడు కట్టింది సాయంత్రం వాళ్ళమ్మ వచ్చేదాకా చెదరకుండా ఉండాలి. సగంలో ఉంటే రేపటికి అలాగే ఉంచు, సర్దెయ్యమనకు. నిన్న ఆపిన పనిని ఇవాళ అందుకోవడం ఐదేళ్ళవాళ్ళకే వచ్చే సరదా, రెండేళ్ళ వాళ్ళకి దాని ఊసే ఉండదు.

లెగో కొందామా అన్నావు. కొను, కానీ మరీ చిన్నపిల్లల కోసం అదే కంపెనీ చేసే డూప్లోతో కలిపి లెక్కేసుకో. డూప్లో ఇటుక మామూలు లెగో కంటే పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెట్టింపు, పైగా రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. నేలమీద అందరికీ డూప్లో, బల్లమీద వీడికి చిన్నవి. ఎక్కడివక్కడే ఉండాలి. అయస్కాంతం పలకలు కూడా మంచివే, ఐదేళ్ళకి వాటితో ఇళ్ళూ కోటలూ బాగా కడతారు. ఒక్కటే, అంచు పగిలిన పలక కనిపిస్తే ఆ నిమిషమే పారెయ్యి. లోపలి అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని పేగుకే చిల్లు పడుతుంది. నీళ్ళలో ఉబ్బే రంగు పూసలు మాత్రం గడప దాటి రానివ్వకు, పొట్టలో కూడా అలాగే ఉబ్బుతాయి. బిళ్ళ బ్యాటరీ పెట్టే ఆటవస్తువైతే మూతకి స్క్రూ ఉందో లేదో చూడు. ఆ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. ఐదేళ్ళవాడు మింగడులే అనుకోవచ్చు, కానీ వాడు జారవిడిచిందాన్ని నోట్లో పెట్టుకునేవాళ్ళు కిందే పాకుతున్నారు.

మీ దేశంలో మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని ఒక చిన్న గొట్టంలో వేసి పరీక్ష చేస్తారట, దాని వెడల్పు 1.25 అంగుళాలు. అందులో ఇమిడిపోయే ముక్క పనికిరాదు. నీకు ఆ గొట్టం అక్కర్లేదు. బాత్‌రూమ్ టిష్యూ అయిపోయాక మిగిలే అట్టగొట్టం దానికంటే కాస్త వెడల్పే, కాబట్టి అందులోంచి జారే వస్తువేదీ నేలమీదికి రాకూడదని పెట్టుకో. ఆ గొట్టం పెద్దాడి చేతికే ఇచ్చి, ఏవి బల్లమీదికి పోవాలో వాణ్ణే తేల్చమను. ఐదేళ్ళవాళ్ళకి రూలు పెట్టడమన్నా, ఇంకొకరి చేత పాటింపజేయడమన్నా మహా ఇష్టం.

అలాగని వాణ్ణి నీకు అసిస్టెంట్‌ని చేసుకోకు. డయపర్ అందుకో, పాలసీసా తే, చెల్లిని చూస్తుండు అని రోజంతా పని చెబితే ఏ పిల్లాడికైనా విసుగే. వాడికీ వాళ్ళమ్మానాన్నా ఫీజు కడుతున్నారు. నేను అంగన్‌వాడీలో మూడేళ్ళవాళ్ళనీ ఆరేళ్ళవాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టిన దాన్ని, ఆ కష్టం నాకు తెలియంది కాదు. పెద్దపిల్లలు బుద్ధిగా ఉన్నారని వదిలేస్తే వాళ్ళే ముందు చెడతారు.

అందరూ కలిసి ఆడేది కావాలంటే దుకాణం పెట్టించు. మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ కొట్టు నుంచి తెచ్చుకునే బిస్కెట్ డబ్బాలు, ఖాళీ అట్టపెట్టెలు చాలు. పెద్దాడే షావుకారు. ధర రాసేదీ, చిల్లర ఇచ్చేదీ, ‘స్టాక్ అయిపోయింది, రేపు రా’ అని తిప్పి పంపేదీ వాడే. మూడేళ్ళవాళ్ళు సంచీ పట్టుకుని కొంటారు. ఏడాదిన్నరది డబ్బాలు పడదోసినా ఎవరికీ నష్టం లేదు, మళ్ళీ పేరుస్తాడు.

వాళ్ళ నాన్న రోజూ వర్క్‌షీట్లు చేయించమంటున్నాడని టెన్షన్ పడుతున్నావు కదా. ఆ ధరల చీటీలు చూపించు. ‘2’ తిరగేసి రాస్తే రాయనీ, ఆ వయసులో అది మామూలే. వచ్చే ఆగస్టుకి బళ్ళో పనికొచ్చేవి ఏమిటంటే గీత వెంబడి కత్తెర పెట్టడం, తన చొక్కా గుండీలు తనే పెట్టుకోవడం, వంతు వచ్చేదాకా ఆగడం, ఓడిపోతే బోర్డు విసిరికొట్టకపోవడం. ఈ వయసుకి ఒక పనిమీద ఐదు నుంచి పది నిమిషాలు మనసు నిలిస్తే చాలని మీ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళే చెబుతున్నారు, అదీ టీవీ, టాబ్లెట్టు ముందు కూర్చున్న టైము కలపకుండా. అరగంట కదలకుండా రాయాలంటే పాపం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇప్పుడు అసలు సంగతి. మధ్యాహ్నం చిన్నవాళ్ళు పడుకుంటారు, వాడికి నిద్ర రాదు. పడుకోమని బలవంతం చెయ్యకు. చీకటి గదిలో వాణ్ణి అటూ ఇటూ దొర్లనిస్తే మిగతావాళ్ళని కూడా లేపుతాడు. నీ రోజంతటిలో వాడికి దక్కే మంచి సమయం అదే. చిన్న ముక్కలూ, కత్తెరా, పూసలూ, కాస్త పెద్ద పజిల్ అప్పుడే బయటికి తియ్యి, వాళ్ళు లేచేలోపు పైకెక్కించెయ్యి. రోజూ ఉండవు కాబట్టే వాటికి అంత విలువ.

అందులో ఒక పావుగంట నువ్వు వాడితో కూర్చుని ఆడు. నీకూ అప్పుడే కాస్త ఊపిరాడుతుందని తెలుసు, అయినా చెబుతున్నాను. అష్టాచెమ్మా నేర్పు. అట్టమీద ఐదు గళ్ళు అడ్డం, ఐదు గళ్ళు నిలువు గీసి, నాలుగు పక్కలా మధ్యగళ్ళలోనూ, నట్టనడిమి గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టు. మార్కెట్లో గింజలున్న చింతపండు దొరికితే గింజలు కడిగి ఆరబెట్టి, ఒక పక్క గరుకు నేలమీద తెల్లగా అయ్యేదాకా అరగదియ్యి. అరగదీసే పని కూడా వాడికే ఇవ్వు, డ్రైవ్‌వే సిమెంటు అందుకు సరిగ్గా సరిపోతుంది. నాలుగు గింజలు వేసి తెల్లగా పడ్డవి లెక్కపెట్టడం. నాలుగూ తెల్లవైతే చెమ్మ, నాలుగు గళ్ళు. ఒక్కటీ పడకపోతే అష్ట, ఎనిమిది. ఏమీ పడకపోతే ఎక్కువ రావడమేంటని మొదట్లో గొడవపడతాడు, పడనీ. కాయని చంపితే ఏడుస్తాడు, అదీ కానీ. నువ్వు కావాలని ఓడిపోకు, కనిపెట్టేస్తాడు. ఆట కాగానే గింజలు మాత్రం లెక్కపెట్టి డబ్బాలో వేసి పైన పెట్టాలి.

బయట మీ ఎండ సంగతి నీకే తెలుసు. పొద్దున్నే చాక్‌పీసుతో తొక్కుడుబిళ్ళ గీస్తే వాడు కుంటుతాడు, చిన్నవాళ్ళు గళ్ళమీద ఊరికే గెంతుతారు. వానొస్తే చపాతీ పిండి ముద్ద ఇవ్వు, బొమ్మలు చేసినా సరే, అప్పడాలకర్రతో వత్తినా సరే. గోధుమ ఎవరికైనా పడదేమో ముందు వాళ్ళమ్మల్ని అడుగు.

ఏటికొప్పాక లక్కబొమ్మలు పంపమన్నావు. బొంగరాలూ, లక్కపిడతలూ తీసి ఉంచాను. అంకుడు కర్ర, లక్క, ఆకులూ గింజల రంగులు, పనితనం గురించి చెప్పేదేముంది. కానీ అవి మన పాపకే, డేకేర్ అలమరలో పెట్టకు. రంగుల్లో సీసం ఉందా అని ఏ తల్లైనా అడిగితే చూపించడానికి నీ దగ్గర కాగితం ఉండదు. ఇక్కడ 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేశారు గానీ, ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపున్న చేతిపని బొమ్మలకి మినహాయింపు ఉంది. కొండపల్లివి అసలు అడగొద్దు. ఆ పొణికి కర్ర తేలిక, వాడి చేతిలో అంబారీ ఏనుగు తొండం సాయంత్రం దాకా కూడా ఉండదు.

మీ పిన్ని కొడుకు వచ్చే నెల డల్లాస్ వస్తున్నాడు. అష్టాచెమ్మాకి గవ్వలు పంపుతాను, చింతగింజలు మాత్రం పంపను. గింజలంటే మీ ఎయిర్‌పోర్టులో లేనిపోని ప్రశ్నలు, పిల్లాడు ఇబ్బంది పడతాడు. గోంగూర పచ్చడికే వాడి పెట్టెలో సగం బరువు పోయింది. ఇంకేం కావాలో శుక్రవారంలోపు చెప్పు. ఆ రోబో మాత్రం ఇంకా ఆర్డర్ పెట్టలేదు కదా?

అమ్మ